షాంఘై మాల్‌లో చెల్లింపులు, శాకాహార భోజనం

నమస్కారమండి. అమ్మగారితో షాంఘై నాన్‌జింగ్ రోడ్డులోని మాల్స్‌కు వెళ్తున్నామని, అక్కడ మన కార్డు చెల్లుతుందా, శాకాహారం దొరుకుతుందా అని అడిగారు.

అక్కడ ఎక్కువగా ఫోన్‌తోనే చెల్లిస్తారు కాబట్టి, బయలుదేరకముందే అలీపే యాప్ పెట్టుకుని, పాస్‌పోర్టు వివరాలు నమోదు చేసి, విదేశీ లావాదేవీలకు బ్యాంకు అనుమతించిన వీసా లేదా మాస్టర్‌కార్డ్ కార్డును దానికి జతచేయండి. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది. ఓటీపీ మన నంబరుకే వస్తుంది గనుక రోమింగ్ తప్పనిసరి.

భోజనం విషయంలోనే నాకు మీ అమ్మగారి గురించి ఎక్కువ ఆలోచనగా ఉంది. ఫుడ్ కోర్టుల్లో కూరగాయల వంటకాలకు సైతం మాంసపు రసమో, పంది కొవ్వో వాడే అవకాశం ఉంది కనుక, మాంసం, చేప, గుడ్డు, మాంసపు రసం ఏవీ వద్దని చైనీస్ లిపిలో రాయించిన చీటీ వెంట ఉంచుకోండి. అంతకన్నా మేలైన దారి, నాన్‌జింగ్ పడమటి రోడ్డులో, 1922లో మొదలైన గాంగ్‌దెలిన్ అనే బౌద్ధ సంప్రదాయ శాకాహార భోజనశాల. అక్కడ బాతు మాంసంలా కనిపించేవి కూడా సోయాతోనో గోధుమతోనో చేసినవేనని అమ్మగారికి ముందే చెప్పండి, లేకపోతే ఆమె పళ్ళెం ముట్టుకోరు.

చైనాలో ఒకటో అంతస్తు అంటే నేల అంతస్తే. విడిపోతే కలుసుకునే చోటు చెప్పుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.