మొగుడే పోలీసైతే కంప్లైంట్ ఎక్కడివ్వాలి? మా చెల్లి విషయంలో జరిగింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బావగారు కానిస్టేబులు, అక్కని కొడుతున్నాడు, ఆయన పనిచేసే స్టేషన్‌లోనే కంప్లైంట్ ఇవ్వాలా, ఇస్తే ఆయన ఉద్యోగం పోతుందా అని అడిగారు. నాలుగేళ్ల కిందట మా చెల్లి విషయంలో ఇదంతా పడ్డాం. మా మరిది హెడ్ కానిస్టేబులు. ముందుగా ఒక్క మాట: ఆయన స్టేషన్‌కి వెళ్లకండి. మేం వెళ్లాం.

అక్కడ ఎస్సై గారు మర్యాదగానే మాట్లాడారు. కుర్చీలు వేయించారు, టీ తెప్పించారు. "మావాడేనమ్మా, నేను గడ్డి పెడతాను కదా, కాగితం దాకా ఎందుకు" అన్నారు. నాన్న పట్టుబట్టి పిటిషన్ ఇచ్చారు. రైటర్ దాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీది అద్దం కింద దోపాడు. రశీదు అడిగితే "సార్ చూశాక ఇస్తాంలెండి" అన్నాడు. మాది గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి వైపు. నరసాపురం రేవులో పంటు ఎక్కామో లేదో చెల్లి ఫోన్ మోగింది. మరిదే. పిటిషన్‌లో ఉన్నదంతా వరసపెట్టి చదువుతున్నాడు. నాన్న ఒకచోట తేదీ తప్పు రాసి, కొట్టేసి, పైన మళ్లీ రాశారు. ఆ కొట్టివేతను కూడా వెక్కిరించాడు. పంటు ఈ ఒడ్డుకు చేరేదాకా చెల్లి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుంది, కట్ చేస్తే ఇంకా రెచ్చిపోతాడని.

ఆ ఎస్సై దుర్మార్గుడని నేననను. తెల్లారి లేస్తే బందోబస్తుకీ, కోర్టు డ్యూటీకీ ఆ మనిషితోనే పని. నైట్ బీటు కలిసి తిరిగినవాడి మీద కేసు కట్టాలంటే చెయ్యి రాదు. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. ఇంగ్లండులో ఇలా పోలీసు భర్తల చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ల తరఫున ఒక మహిళా న్యాయ సంస్థ 2020 మార్చిలో పెద్ద ఫిర్యాదే వేసింది. 2022 జూన్‌లో పోలీసు వ్యవస్థను పర్యవేక్షించే మూడు సంస్థలు కలిసి, అందులో నిజం ఉందని నివేదిక ఇచ్చాయి.

మా పని గోదావరి దాటాకే కదిలింది. పంటు దిగితే జిల్లా వేరు, ఎస్పీ వేరు. మొగుడు కొట్టిన ఊళ్లోనే కేసు పెట్టాలని మాకు అందరూ చెప్పారు గానీ అది తప్పు. భార్య వెళ్లి తలదాచుకున్న చోట కూడా 498ఎ కేసు, అంటే భర్తా అత్తింటివాళ్లూ హింసిస్తే పెట్టే కేసు, పెట్టొచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ 498ఎ ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో (భారతీయ న్యాయ సంహిత) 85వ సెక్షన్ అయింది. దానితోపాటే 2024 జులై నుంచి వచ్చిన ఇంకో కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో (భారతీయ నాగరిక సురక్షా సంహిత), నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 173వ సెక్షన్‌లో స్పష్టంగా రాశారు. జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అదే. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే కాగితం స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి, ఆ పైన మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. మేం సోమవారం గ్రీవెన్స్‌కి, అంటే ఎస్పీ ఆఫీసులో జనం అర్జీలు తీసుకునే రోజున, వెళ్లి అక్కడే ఇచ్చి, ముద్ర వేయించుకున్నాం. ఆ ముద్ర పడ్డాకే మాతో అందరూ "గారు" పెట్టి మాట్లాడారు.

కౌన్సెలింగ్ అని తిప్పుతారు, దానికి సిద్ధంగా ఉండండి. మమ్మల్ని నాలుగుసార్లు తిప్పారు. కుటుంబ తగాదాల్లో కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చన్నది నిజమే. అయితే ఇప్పుడు ఆ విచారణకు డీఎస్పీ అనుమతి కావాలి, 14 రోజుల్లో ముగించాలి. ఈ ముక్క మర్యాదగా అడిగి చూడండి.

మేం చేసిన రెండో తప్పు ఆసుపత్రిలో. చెల్లి మోచెయ్యి వాచి, గాజులు తీయడానికి కూడా రాలేదు. డ్యూటీ డాక్టరు ఎలా తగిలిందని అడిగినప్పుడు పక్కనే అవుట్‌పోస్టు కానిస్టేబులు పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. చెల్లి అతని వంకే చూస్తూ "బాత్రూంలో జారిపడ్డానండి" అంది. ఎంఎల్‌సీలో, అంటే పోలీసు కేసుల కోసం ఆసుపత్రి రాసే గాయాల రికార్డులో, అదే రాశారు. తర్వాత కోర్టులో వాళ్ల లాయరు ప్రతి వాయిదాకీ ఆ ఒక్క లైనే చదివేవాడు. మీ అక్క వెంట మీరే వెళ్లి, కానిస్టేబుల్ని కాసేపు బయట ఉండమనండి.

ఇక ఉద్యోగం సంగతి. మా అత్తలూ మేనమామలూ, వాళ్ల తరఫు పెద్దమనుషులూ అన్నది ఒకటే: "వాడి ఉద్యోగం పోతే పిల్లకి తిండెవడు పెడతాడే?" ఈ మాటకే చెల్లి రెండేళ్లు ఆగింది. ఎఫ్ఐఆర్ కట్టినంత మాత్రాన ఉద్యోగం పోదు. కస్టడీలో 48 గంటలు దాటితే సస్పెన్షన్‌లో ఉన్నట్టే లెక్క, కానీ ఇలాంటి కేసుల్లో వెంటనే అరెస్టు చేయొద్దన్న సుప్రీంకోర్టు 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు తర్వాత చాలావరకు నోటీసుతోనే సరిపెడుతున్నారు. సస్పెండైనా జీవనభృతి వస్తుంది. శాఖాపరమైన విచారణ కోర్టు కేసుతో సంబంధం లేకుండా నడుస్తుంది, అక్కడ కోర్టులో కావలసినంత గట్టి రుజువు కూడా అక్కర్లేదు. మా మరిదికి చార్జి మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు ఆపారు, బదిలీ చేశారు. బదిలీ పెద్ద శిక్ష అన్నట్టు చెప్పారు గానీ ఆ ఊరు వాళ్లమ్మగారి ఊరికి ఆరు కిలోమీటర్లు. ఆవిడకి పండగే.

తిండి సంగతికి వేరే దారి ఉంది, 2005 గృహహింస చట్టం. 498ఎ ఎంత లాగినా ఇది మాత్రం మాకు పనికొచ్చింది. ఇందులో ఏ స్టేషన్ చుట్టూ తిరగక్కర్లేదు. స్త్రీ శిశు సంక్షేమ శాఖలోని ప్రొటెక్షన్ ఆఫీసరు ద్వారా గానీ, లాయరు ద్వారా గానీ మేజిస్ట్రేటు కోర్టులో వేయొచ్చు, అక్క ఇప్పుడు ఉంటున్న చోటే. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి, ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకి ఉచిత న్యాయసాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి. 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. మాకు ఏడు నెలలు పట్టింది. మధ్యంతర ఉత్తర్వు మాత్రం మూడో వారంలోనే వచ్చింది: ఇంటి దగ్గరికి రాకూడదు, ఫోన్ చేయకూడదు, నెలనెలా ఖర్చులివ్వాలి. రావొద్దు, ఫోన్ చేయొద్దు అన్నది మీరితే ఏడాది దాకా జైలు. రెండు నెలలు డబ్బు ఎగ్గొట్టాడు. అప్పుడు 20వ సెక్షన్ కింద ఇంకో పిటిషన్ వేస్తే, జీతంలోంచే కోసి పంపమని కోర్టు వాళ్ల ఆఫీసుకి రాసింది. ఇప్పుడు జీతం పడ్డ రోజే చెల్లి ఖాతాలో పడుతోంది. 498ఎ కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది.

ఇంకొకటి. అక్క సిమ్ ఎవరి పేరు మీదుందో ఈ రోజే చూడండి. చెల్లిది అతని పేరు మీదే ఉండేది, సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లొచ్చిన సాయంత్రమే బ్లాక్ చేయించాడు. బెదిరింపు మెసేజ్‌లు అంతకుముందు వారమే నా ఫోన్‌కి పంపించుకుంది కాబట్టి దొరికాయి.