పండగ నాడు తలుపేసుకోకు

అమ్మీ,

నువ్వు అరబిక్ కోర్సుకి ఒమాన్ వెళ్తున్నావనీ, నిజ్వాలో ఒక కుటుంబంతో వాళ్ళింట్లోనే ఉంటావనీ మీ నాన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. మన బరంపురం ఇంట్లోంచి నా తర్వాత ఆ ఊరు వెళ్తున్నది నువ్వే అని ఎంత పొంగిపోయానో. ఆ వెంటనే ఇంకో మాట చెప్పాడు, నువ్వు వెళ్ళిన పది రోజులకే బక్రీద్ అట, "ఆ మూడు రోజులూ రూమ్‌లోనే ఉండిపోతాలే" అన్నావట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఏదైనా కుడిచేత్తోనే తీసుకో. కాఫీ చాలనుకుంటే ఆ చిన్న కప్పుని అటూ ఇటూ ఊపి ఇచ్చెయ్, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. పండగ ముందు రోజు అరఫా, ఇంట్లో చాలామంది ఉపవాసం ఉంటారు, వాళ్ళ ఎదురుగా నీళ్ళ బాటిల్ ఎత్తకు. మన పట్టు ఆడవాళ్ళకే పట్టుకెళ్ళు, వాళ్ళ మతంలో మగవాళ్ళు పట్టు కట్టరు. ఎండ జాగ్రత్త. వాళ్ళ లెక్కలో అధికమాసం లేదు కాబట్టి పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకొచ్చేస్తుంది, నేనున్నప్పుడు జూన్‌లో వస్తే, ఏడాదంతా ఒక చుట్టు తిరిగి నీకిప్పుడు మే నెలాఖరులో వస్తోంది, ఎండ మాత్రం అదే ఎండ.

ఇప్పుడు అసలు సంగతి. 1991, గల్ఫ్ యుద్ధం అయిన ఏడాది. అక్కడ నర్సుగా చేస్తూ ఒక ఒమానీ కుటుంబం ఇంట్లో మేడమీద గదిలో ఉండేదాన్ని. పండగకి వారం ముందు కింద వాకిట్లో నల్ల మేకని కట్టారు. డ్యూటీకి వెళ్తుంటే నా చున్నీ అంచు నోట్లో పెట్టుకుని లాగేది. దాన్ని చూసినప్పుడల్లా టెన్షన్. కోస్తారు, వండుతారు, నా ముందు పెడతారు, మాంసం ముట్టని ఇంటి నుంచి వచ్చిన నేను ఏం చెయ్యాలి? పండగ పొద్దున కడుపునొప్పి అని అబద్ధం చెప్పి తలుపేసుకున్నాను.

ఆ ఇంటావిడ ఎండు నిమ్మకాయలు మరిగించిన నీళ్ళు పట్టుకుని రోజంతా మెట్లెక్కుతూనే ఉంది. మర్నాడు వాళ్ళు ఆవిడ పుట్టింటికి వెళ్ళాలి. అక్కడ మసాలా పట్టించిన మాంసాన్ని ఆకుల్లో చుట్టి, గోనెసంచిలో పెట్టి, నిప్పుల గోతిలో పూడ్చి ఉంచుతారు, షువా అంటారు, ఊరంతా చేరి ఆ గొయ్యి తెరవడమే పెద్ద సంబరం. కారు బయల్దేరిన చప్పుడు దుప్పట్లోంచి విన్నాను. అమ్మయ్య అనుకున్నాను. ఐదు నిమిషాలకి తలుపు తట్టింది ఆవిడే. భర్తనీ పిల్లల్నీ పంపేసి నాకోసం ఉండిపోయింది. ముసలి తల్లిని ఏడాదికి రెండు పండగలకే చూసే మనిషి.

సాయంత్రం పిల్లలు నాకని విడిగా ఒక డబ్బా తెచ్చారు. ఆ ముసలమ్మ పంపిందట, ఉత్త అన్నం, ఖర్జూరాలు, నెయ్యి కారుతున్న హల్వా. మాంసం ముక్క లేదు. నేను తిననని ఇంటావిడ ముందే అందరికీ చెప్పి ఉంచింది. అన్ని నెలలుగా నా పప్పు పోపు వాసన కిందికి వెళ్ళలేదూ? నేనే ఒక్కసారి నోరు విప్పి అడగలేదు. 1994లో తిరిగి వచ్చేసేదాకా ఆ కడుపునొప్పి అబద్ధమని ఆవిడకి చెప్పలేకపోయాను. ఇప్పటికీ బక్రీద్ వస్తే నాకు ఆ కారు చప్పుడే వినబడుతుంది.

మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి ఇంటికొచ్చిన పిల్ల గదిలో ముసుగు తన్ని పడుకుంటే మీ మామ్మ ఒక్క ముద్ద తినేదా చెప్పు? అందుకే వెళ్ళిన మొదటి రోజే "నేను మాంసం తినను, కానీ పండగంతా మీతోనే ఉంటాను" అని చెప్పెయ్. కోసేటప్పుడు చూడమని ఎవరూ బలవంతపెట్టరు, ఆ కాసేపు వంటింట్లో ఆడవాళ్ళతో కూర్చో. మాంసాన్ని మూడు వాటాలు వేసి ఒకటి ఇంటికి, ఒకటి చుట్టాలకి, ఒకటి లేనివాళ్ళకి పంచుతారు. ఆ పొట్లాలు ఇవ్వడానికి పిల్లలు వెళ్తుంటే నువ్వూ వెళ్ళు, ముట్టుకోలేకపోతే హల్వా పళ్ళెం నువ్వు పట్టుకో. భయం వేస్తే ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యి తల్లీ, అర్ధరాత్రైనా ఎత్తుతాను.

మీ నాన్నతో రెండు కట్టల అప్పడాలు పంపిస్తున్నాను. ఒకటి నీకు, ఒకటి ఆ ఇంటావిడకి. సూట్‌కేసులో బట్టల మీద పెట్టు, అడుగున పెడితే ముక్కలైపోతాయి.

మీ అత్త