పాఠకుల ప్రశ్నలు: తెర మీది పలుచని పొర

ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌ల తెరలకు అంటించే స్క్రీన్ గార్డుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ విడత జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు వేర్వేరు మాటల్లో రాసినచోట వాటిని కలిపి ఒక ప్రశ్నగా తీసుకున్నాం.

ప్రశ్న: నా ఫోన్ తెరను ప్రత్యేకంగా గట్టిపరిచిన గాజుతో చేశారని పెట్టె మీదే రాసి ఉంది. అయినా దానికి స్క్రీన్ గార్డ్ వేయించాల్సిందేనని అందరూ చెబుతున్నారు. అంత గట్టి గాజుకు మెత్తని ప్లాస్టిక్ పొర ఏ విధంగా రక్షణ ఇవ్వగలదు? (ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: మీ సందేహం సహేతుకమైనదేనండీ. తెరకు జరిగే హాని రెండు రకాలు. ఒకటి గీత, రెండవది పగులు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే స్క్రీన్ గార్డుల విషయంలో ఇంత అయోమయం ఏర్పడుతోంది.

ఫోన్ తెరకు వాడే గాజును కరిగించిన పొటాషియం లవణంలో, దాదాపు 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ముంచి ఉంచుతారు. అప్పుడు గాజు ఉపరితలంలోని సోడియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న అతి చిన్న కణాలు) బయటికి పోయి, వాటి స్థానంలో వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. చోటు చాలక అవి ఒకదానినొకటి నెట్టుకోవడంతో గాజు పైపొర అంతా ఒత్తిడితో బిగుసుకుని ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ బిగువును మించిన బలం లాగితే తప్ప పగులు మొదలు కాదు. గాజు తేలికగా పగలకపోవడానికి కారణం ఇదే. అయితే ఇసుక రేణువు గీసే గీతను ఈ బిగువు ఆపలేదు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్దపై ఈ గాజు సుమారు 6 దగ్గర ఉంటే, ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. తెరపై గీత పడిందంటే చాలామంది తాళంచెవులను నిందిస్తారు కానీ, ఆ లోహం సాధారణంగా గాజు కంటే మెత్తనిదే. అసలు దోషి చాలాసార్లు జేబు అడుగునో సంచి మూలనో చేరిన దుమ్ములోని ఇసుక రేణువు.

గీతను కేవలం అందానికి సంబంధించిన లోపంగా కొట్టిపారేయడం కూడా సరికాదు. గాజు తన అసలు బలానికి ఎంతో తక్కువ బలం దగ్గరే ఎందుకు విరుగుతుందన్న ప్రశ్నకు 1920ల ఆరంభంలో గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజనీరు సమాధానం చెప్పారు. ఉపరితలంపై ఉండే కంటికి కనిపించని సన్నని చీలికల కొనల దగ్గర ఒత్తిడి కేంద్రీకృతమై, పగులు అక్కడి నుంచే పాకుతుంది. కాబట్టి ఈ రోజు పడిన లోతైన గీత రేపు ఫోన్ జారిపడినప్పుడు పగులుకు దారి తీయవచ్చు.

ప్లాస్టిక్ పొర చేసే సాయం ఇక్కడే ఉంది. గాజు కంటే గట్టిగా ఉండటం దాని పని కాదు. గాజుకు పడవలసిన గీత తనకు పడేలా అడ్డుగా నిలవడం, పాడయ్యాక కొత్తదానికి చోటిచ్చి తప్పుకోవడం దాని పని. దాని మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే కనుక, ఫోన్ నేల మీద పడినప్పుడు అది తెరను కాపాడుతుందని మాత్రం నమ్మకండి.

ప్రశ్న: కొన్ని స్క్రీన్ గార్డుల మీద 9హెచ్ అని ఉంటుంది. వజ్రం గట్టిదనం 10 అయితే ఇది దానికి ఒక్క మెట్టు మాత్రమే తక్కువ అనుకోవచ్చా? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: అలా అనుకోకూడదు. ఇది ఈ వ్యాపారంలో బాగా వ్యాపించిన అపోహ. వజ్రానికి 10 ఇచ్చే కొలబద్ద 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ రూపొందించినది. అందులో 9వ స్థానం కురువిందానిది, అంటే కెంపు, నీలం ఏ ఖనిజ రూపాలో ఆ ఖనిజానిది. గార్డు మీద కనిపించే 9హెచ్ పెన్సిళ్ల లెక్క. పెన్సిల్ ముల్లులో బంకమన్ను పాలు పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది, ఆ వరుసలో చివర ఉండే గట్టి పెన్సిళ్లలో ఒకటి 9హెచ్. రంగుల పూతలను పరీక్షించే పద్ధతి ప్రకారం నిర్ణీత కోణంలో, నిర్ణీత బరువుతో ఆ పెన్సిల్‌ను ఉపరితలం మీద నడిపించి, గీత పడకపోతే ఆ గుర్తు వేస్తారు. పెన్సిల్‌తో గీసినా గీత పడలేదన్నదే దాని అర్థం. ఏ మామూలు గాజైనా ఆ పరీక్షలో నెగ్గుతుంది. ఇసుక రేణువు ముందు ఆ గుర్తుకు విలువ లేదు. గార్డును ఎంచుకునేటప్పుడు ఈ అంకెను పక్కన పెట్టి మిగతా లక్షణాలు చూడమని నా సలహా.

ప్రశ్న: ప్లాస్టిక్ గార్డ్, టీపీయూ గార్డ్, టెంపర్డ్ గ్లాస్ అని మూడు రకాలు చెబుతున్నారు. నా ఫోన్ అంచులు వంపు తిరిగి ఉంటాయి. ఏది ఎంచుకోవాలి? (ఒక గృహిణి)

జవాబు: మామూలు ప్లాస్టిక్ గార్డును పెట్ అనే పదార్థంతో చేస్తారు. నీళ్ల సీసాలకు వాడే ప్లాస్టిక్ కూడా ఇదే. పలుచగా, స్పష్టంగా ఉంటుంది, స్పర్శకు అడ్డు రాదు. కానీ ఒకసారి గీత పడితే అది అలాగే ఉండిపోతుంది. పైగా ఆ పొర బిరుసుగా ఉంటుంది కనుక వంపు అంచుల మీద కూర్చోదు, కొద్ది రోజులకే లేచిపోతుంది.

టీపీయూ రబ్బరులా సాగే గుణమున్న ప్లాస్టిక్. హెలికాప్టర్ రెక్కల ముందంచులను ఇసుక కోత నుంచి కాపాడటానికి వాడిన పాలీయురేథేన్ పొరల కుటుంబానికే ఇది చెందుతుంది. సన్నని గీతలు పడినా కొంతసేపటికి పదార్థం తిరిగి సర్దుకోవడంతో అవి మాసిపోతాయి. దీన్నే తనంతట తాను మానే గుణంగా ప్రచారం చేస్తారు. పదునైన వస్తువు లోతుగా కోస్తే మాత్రం అది మానదు. వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు ఉపరితలం నారింజ తొక్కలా సన్నగా గరుకుగా కనిపించడం, వేలు గాజు మీద జారినంత తేలికగా జారకపోవడం దీనిలోని లోపాలు.

టెంపర్డ్ గ్లాస్ అంటే గట్టిపరిచిన గాజు, అది సాధారణంగా మిల్లీమీటరులో మూడో వంతు మందం ఉంటుంది. పడినప్పుడు తాను పగిలి, దెబ్బ బలంలో కొంత తాను తీసుకోగలిగేది ఈ మూడింటిలో ఇదొక్కటే. సమతలంగా ఉండే తెరకు, ఫోన్ తరచుగా చేజారే వారికి నేను దీన్నే సూచిస్తాను. మీది వంపు తెర కనుక సంగతి వేరు. వంపు తెరల కోసం అమ్మే గాజు గార్డుల్లో కొన్నింటికి జిగురు అంచుల వెంట మాత్రమే ఉంటుంది. మధ్యలో మిగిలే గాలి పొర వల్ల స్పర్శ మందగిస్తుంది, ప్రతిబింబాలు కూడా పెరుగుతాయి. గాలి, గాజు కలిసే ప్రతి చోటా దాదాపు 4 శాతం వెలుతురు వెనక్కి తిరిగిపోతుంది కనుక, గాలి పొర ఉన్నదంటే అలాంటి చోట్లు అదనంగా రెండు చేరినట్టే. మరికొన్నింటిని ద్రవరూపంలోని జిగురు పోసి, అతినీలలోహిత దీపంతో గట్టిపరుస్తారు. అవి బాగా అతుకుతాయి కానీ, పని తెలియని చేతుల్లో ఆ జిగురు స్పీకర్ రంధ్రాల్లోకి, బొత్తాల సందుల్లోకి కారి ఫోన్‌నే పాడుచేసిన సందర్భాలు ఉన్నాయి. అందువల్ల మీకు టీపీయూ గార్డ్, దానితో పాటు తెర కంటే కాస్త ఎత్తైన అంచులున్న కవర్ సరైన జోడీ. పడినప్పుడు కాపాడే పనిని ఆ కవర్‌కు వదిలేయండి.

ప్రశ్న: కొత్తగా కొన్నప్పుడు తెర మీద ఉండే పలుచని పొరను తీయకుండా అలాగే వాడుకోవచ్చా? (ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: కర్మాగారం నుంచి మీ చేతికి వచ్చేదాకా గీతలు పడకుండా ఉంచిన రవాణా పొర అయితే తీసేయండి. తేలికగా ఊడేలా బలహీనమైన జిగురుతో అంటించిన ఆ పొర ఎక్కువ కాలం ఉంటే అంచులు లేచి, కిందికి దుమ్ము చేరుతుంది. కొన్ని ఫోన్లకు తయారీదారులే మంచి గార్డు అంటించి ఇస్తారు. అది పాడయ్యేదాకా ఉంచుకోవచ్చు. మడత ఫోన్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. వాటి లోపలి తెర మీద కనిపించే పొర తెరలో భాగమే కావచ్చు. 2019 ఏప్రిల్‌లో శామ్‌సంగ్ గెలాక్సీ ఫోల్డ్‌ను సమీక్ష కోసం అందుకున్న వారిలో కొందరు, పైనున్న పొరను మామూలు ప్లాస్టిక్ అనుకుని ఊడదీయడంతో తెరలు పనిచేయకుండా పోయాయి. ఇతరుల ఫోన్లలోనూ వేరే లోపాలు బయటపడటంతో ఆ ఫోన్ విడుదల సెప్టెంబర్ వరకు వాయిదా పడింది. మడత ఫోన్ పొర చెడిపోతే సొంతంగా తీయకుండా తయారీదారు సేవా కేంద్రానికే తీసుకువెళ్లండి.

ప్రశ్న: గార్డ్ వేసినప్పటి నుంచి తెర లోపలి వేలిముద్ర సరిగా పనిచేయడం లేదు. ఫోన్‌లో లోపం ఉందా? (ఒక బ్యాంకు ఉద్యోగిని)

జవాబు: చాలావరకు లోపం ఫోన్‌లో ఉండదు. వేలిముద్రను కొన్ని ఫోన్లు వెలుతురుతో చదువుతాయి, కొన్ని అల్ట్రాసౌండ్ తరంగాలతో చదువుతాయి. శబ్ద తరంగాలకు గాలి పొర గోడ లాంటిది, దాన్ని తాకగానే అవి దాదాపుగా వెనక్కి తిరిగిపోతాయి. కాబట్టి రెండో రకం ఫోన్లకు మధ్యలో గాలి లేకుండా పూర్తిగా అతుక్కునే పలుచని పొర తప్పనిసరి. గార్డ్ వేశాక పాత వేలిముద్రలను తొలగించి మళ్లీ నమోదు చేయండి. స్పర్శ మందగించినట్టనిపిస్తే, సెట్టింగుల్లో టచ్ సెన్సిటివిటీ అనే ఏర్పాటు ఉన్నదేమో చూడండి.

మీరు బ్యాంకులో పనిచేస్తున్నారు కనుక ఇంకొక్క మాట చెప్పాలి. 2019 అక్టోబర్‌లో, గెలాక్సీ ఎస్10 ఫోన్ మీద ఒక రకం సిలికాన్ కవర్ వేసినప్పుడు ఎవరి వేలు పెట్టినా ఫోన్ తెరుచుకుంటున్నట్టు బయటపడింది. కవర్ లోపలి నమూనానే సెన్సర్ వేలిముద్రగా గుర్తించిందని శామ్‌సంగ్ అంగీకరించి, సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేసింది. గార్డ్ మార్చిన ప్రతిసారీ, నమోదు చేయని వేలొకటి పెట్టి ఫోన్ తెరుచుకోవడం లేదని నిర్ధారించుకోవడం నాకు అలవాటు. మీరూ ఆ ఒక్క నిమిషం వెచ్చించండి.

ప్రశ్న: నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే తెర మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తున్నాయి. తెర పాడవుతోందా? (ఒక డ్రైవర్)

జవాబు: పాడవడం లేదు, నిశ్చింతగా ఉండండి. మీవి పోలరైజ్డ్ కళ్లద్దాలు అయి ఉంటాయి. తెర నుంచి వచ్చే వెలుతురు ఒకే దిశలో కంపిస్తూ బయటికి వస్తుంది, మీ కళ్లద్దాలు కూడా ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే లోపలికి వదులుతాయి. పెట్ పొరను తయారీలో రెండు వైపులా సాగదీస్తారు కనుక, అది ఒక్కో రంగు వెలుతురు కంపనాన్ని ఒక్కో విధంగా మారుస్తుంది. అందుకే మచ్చలు మచ్చలుగా రంగులు కనిపిస్తాయి. అంతగా సాగదీయని టీపీయూ పొరతో ఈ ఇబ్బంది చాలా తక్కువ. దారి చూపే పటం కోసం ఫోన్‌ను వాహనంలో అమర్చుకునే మీలాంటి వారు పెట్ గార్డును మార్చుకోవడం మేలు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ తెరకు కూడా గార్డ్ అవసరమా? (ఒక పరిశోధక విద్యార్థిని)

జవాబు: అవసరం లేదన్నదే నా అభిప్రాయం. స్పర్శకు స్పందించని మ్యాట్ (మెరుపు లేని) తెరల మీద గాజు ఉండదు, పైన ఉండేది మెత్తని ప్లాస్టిక్ పొరే. దానికి రక్షణ కావాలని అనిపించడం సహజం. అయితే మూత వేసినప్పుడు తెరకూ కీబోర్డుకూ మధ్య మిగిలే సందు చాలా తక్కువ. మందమైన గార్డు అక్కడ ఇరుక్కుంటే, మూసిన ప్రతిసారీ తెర మీద ఒత్తిడి పడుతుంది. కెమెరాను కప్పే తొడుగు పెట్టి మూత వేస్తే మ్యాక్‌బుక్ తెర దెబ్బతినవచ్చని 2020లో ఆపిల్ సంస్థ హెచ్చరించింది. తప్పదనుకుంటే ఆ తొడుగు మామూలు కాగితం మందాన్ని, అంటే 0.1 మిల్లీమీటరును మించకూడదని సూచించింది. గార్డుకూ అదే కొలత పాటించండి.

ప్రశ్న: నీలి కాంతిని ఆపే గార్డుతో కళ్ల అలసట తగ్గుతుందా? (ఇద్దరు పాఠకులు)

జవాబు: దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. నీలి కాంతిని ఆపే కళ్లద్దాలపై జరిగిన పరీక్షలను 2023లో వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష పరిశీలించి, కంప్యూటర్ ముందు పనిచేసేవారి కళ్ల అలసట స్వల్పకాలంలో తగ్గుతుందనడానికి ఆధారం కనిపించలేదని తేల్చింది. తెర చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం తగ్గిపోతుంది. మధ్యమధ్యలో చూపును దూరానికి మళ్లించడమే కళ్లకు ఎక్కువ హాయినిస్తుంది.

ప్రశ్న: ఎంత జాగ్రత్తగా అంటించినా గాలి బుడగలు మిగిలిపోతున్నాయి. అంటించే పద్ధతి చెప్పండి. (ఒక దుకాణ సహాయకుడు)

జవాబు: బుడగల్లో రెండు రకాలను ముందు గుర్తుపట్టండి. నడుమ చుక్క కనిపించని బుడగ వట్టి గాలిది. సిలికాన్ జిగురు ఉన్న గార్డుల్లో చిన్నవైతే అవి ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే పోతాయి. నడుమ తెల్లని చుక్క ఉంటే అక్కడ దుమ్ము రేణువు ఉన్నట్టే. ఎంత నొక్కినా అది పోదు.

దుమ్ము చేరడానికి ముఖ్య కారణం, గార్డు వెనుక కాగితాన్ని సర్రున లాగినప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు. అది చుట్టుపక్కల గాలిలోని రేణువులను ఆకర్షిస్తుంది. అందుచేత ఫ్యాన్ ఆపి, వీలైతే గాలిలో కొంత తేమ ఉన్నచోట కూర్చుని, కాగితాన్ని నెమ్మదిగా ఒక అంచు నుంచి తీయండి. తెరను ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన మెత్తని బట్టతో తుడిచి, తడి పూర్తిగా ఆరాక, జిగురు టేపుతో అద్ది మిగిలిన రేణువులను ఎత్తండి. గార్డు అంటించాక కూడా రేణువు కనిపిస్తే, ఆ వైపు అంచును టేపు ముక్కతో పైకి లేపి, మరో టేపు ముక్కతో రేణువును అద్ది తీయవచ్చు. తెరను గానీ జిగురు పక్కను గానీ వేలితో ముట్టకండి, ఆ జిడ్డు మరకను తర్వాత తీయడం దాదాపు అసాధ్యం. పగిలిన టెంపర్డ్ గ్లాస్ తీసేటప్పుడు ముందు దాని మీద వెడల్పాటి టేపు అంటించి, ఒక మూల నుంచి ముక్కలన్నీ కలిసి వచ్చేలా లేపండి, లేకపోతే సన్నని పెంకులు వేళ్లలో దిగుతాయి.