ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 4 ఉన్న సిస్టమ్స్ బయాలజీ జర్నల్‌లో వేస్తే మన పేపర్‌కూ 4 సైటేషన్లు (వేరే పేపర్లలో ఉదహరింపులు) వస్తాయా?

వస్తాయని చెప్పలేం, ఆ 4 జర్నల్ మొత్తానికి సగటు మాత్రమే. 2025 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కావాలంటే, 2023, 2024లలో వచ్చిన వ్యాసాలను 2025లో ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కేసి, ఆ రెండేళ్ల పరిశోధన, సమీక్షా వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. జన్యువులు, ప్రోటీన్లు కలిసి ఎలా పనిచేస్తాయో చూసే సిస్టమ్స్ బయాలజీలో ఈ సగటు మరీ మోసం చేస్తుంది. అలాంటి నెట్‌వర్క్‌లను బొమ్మగా గీసి చూపే సైటోస్కేప్ లాంటి సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేసే పేపర్‌ను, దాన్ని వాడినవాళ్లంతా ఉదహరిస్తుంటారు. 100 వ్యాసాలకు 400 సైటేషన్లు వచ్చాయనుకోండి. అందులో 250 అలాంటి ఒక్క పేపర్‌వే అయితే, మిగతా 99కి సగటున ఒకటిన్నరే. వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీ స్కాలర్ పత్తి జన్యువుల నెట్‌వర్క్‌పై రాసింది ఆ 99లో ఉండొచ్చు. అంతమాత్రాన అది నాసిరకం కాదు. చాలామంది అంకె చూసి జర్నల్ ఎంచుకుంటారు, అదే పొరపాటు. మన అంశం ఆ జర్నల్ పరిధిలో ఉందో లేదో అంకె చెప్పదు.