నాన్నకి విటమిన్ డి 11 వచ్చింది, బ్లాడర్ క్యాన్సర్ భయమా?

విటమిన్ డి తక్కువైతే మూత్రాశయ క్యాన్సర్ వస్తుందని చదివి, మారతహళ్లిలో ఇంటిల్లిపాదీ నిద్రపోవట్లేదని రాశారు. ముందు గుండె దిటవు చేసుకోండి. 11 అంటే లోపమే, కానీ బెంగళూరులో ఎండ తగలని ఉద్యోగాలు చేసేవాళ్లలో చాలామంది రిపోర్టు ఇలాగే ఉంటుంది.

2016లో ఇంగ్లండ్‌లోని వార్విక్ యూనివర్సిటీ వాళ్లు 7 అధ్యయనాలను కలిపి చూస్తే, 5 అధ్యయనాల్లో డి తక్కువున్నవాళ్లకి ఈ ముప్పు ఎక్కువగా కనిపించిన మాట నిజమే. అంతమాత్రాన అదే కారణమని తేలినట్టు కాదు. అమెరికాలో 25 వేల మందికి పైగా పాల్గొన్న వైటల్ అనే పరిశోధన‌లో రోజూ 2000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చినా కొత్త క్యాన్సర్లు తగ్గలేదు. లోపానికి డాక్టరు రాసిన మోతాదు వాడండి, చాలు. సొంతంగా 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి సాషే రోజూ వేస్తే కాల్షియం పెరిగి కిడ్నీల మీదికొస్తుంది.

నన్ను కలవరపెట్టింది మీ చివరి వాక్యం: "పోయిన నెల ఒకసారి మూత్రం ఎర్రగా వచ్చింది, నొప్పి లేదని వదిలేశాం". దయచేసి వదిలెయ్యకండి. నొప్పి లేకుండా రక్తం పడితేనే ఎక్కువ అనుమానించాలి, మళ్లీ రాకపోయినా సరే. రాయో ఇన్ఫెక్షనో కూడా కావచ్చు. ఈ వారమే యూరాలజిస్టుకి చూపించండి. మూత్ర పరీక్ష, స్కానింగ్, అవసరమైతే సన్నటి కెమెరా గొట్టంతో సిస్టోస్కోపీ చేస్తారు. నాన్నగారి సిగరెట్ల సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు, ఈ క్యాన్సర్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం పొగే.