సంక్లిష్టమా, సంశ్లిష్టమా?

సందేహం: కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్నాను. థీసిస్ ఇంగ్లీషులోనే ఉన్నా, సారాంశం తెలుగులో కూడా రాయాలనుకున్నాను. శీర్షిక 'అజో రంజక లైగాండ్ లోహ సంక్లిష్ట సంశ్లేషణ, వర్ణపట లక్షణీకరణ' అని పెట్టాను. అక్కడ ఉండాల్సింది 'సంక్లిష్ట' కాదు, 'సంశ్లిష్ట' అంటాడు మా మిత్రుడు. ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రుడి మాటే సరి. 'సంక్లిష్టం'లో ఉన్నది క్లిశ్ ధాతువు, అంటే బాధపడడం. క్లేశం దాని తోబుట్టువే. సంక్లిష్ట సమస్య అంటే మనకు టెన్షన్ పెట్టే చిక్కు సమస్య. 'సంశ్లిష్టం'లోది శ్లిష్ ధాతువు, అంటే అంటుకోవడం, కౌగిలించుకోవడం. ఒకే మాటకు రెండర్థాలు అంటుకుని ఉంటే శ్లేష; అంటుకున్నవాటిని విడదీస్తే విశ్లేషణ.

ఇప్పుడు మీ ల్యాబులో జరిగేది చూడండి. అజో గుంపు (జంటగా కలిసిన రెండు నైట్రోజన్లు) పక్కనే హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) ఉన్న రంగు అణువు, ఒకవైపు నైట్రోజన్‌తోనూ మరోవైపు ఆక్సిజన్‌తోనూ రాగి అయాన్‌ను పీత డెక్కలా పట్టుకుంటుంది. లోహాన్ని పట్టుకునే ఆ అణువే లైగాండ్. ఇలా రెండువైపులా పట్టుకుంటే ఏర్పడేది కీలేట్; ఆ మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం పీత డెక్కే! ఈ పట్టుకు క్లేశంతో పనిలేదు. కాబట్టి ఇక్కడ ఇంగ్లీషు 'కాంప్లెక్స్'కు సంశ్లిష్టం. పరారుణ వర్ణపటంలో 1400-1450 సెం.మీ⁻¹ ప్రాంతంలో ఉండే అజో పట్టీ కాస్త కిందికి జరిగిందంటే, లోహాన్ని ఆ నైట్రోజన్ పట్టుకుందనే మీరు రాస్తారు కదా.

'సంశ్లేషణ' కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. తప్పేమీ కాదు గానీ, 'సంశ్లిష్ట సంశ్లేషణ' అంటే నాలుక మెలిక పడుతుంది. 'తయారీ' అనండి, హాయిగా ఉంటుంది.

'రంజకం' అంటే రంగునిచ్చేది. తుపాకీ అంటించే మందుపొడిని కూడా పాత తెలుగులో రంజకం అనేవారు. 'అద్దకపు రంగు' అన్నా, ఉత్త 'రంగు' అన్నా చాలు. ఇక 'అజో'. దీన్ని అనువదించకండి. నైట్రోజన్‌కు లవోయిజే పెట్టిన 'అజోట్' అన్న పేరులోంచి వచ్చింది. అందులో ప్రాణం నిలవదని ఆ పేరు. పుట్టుకే లేని మన అజుడికీ దీనికీ చుట్టరికం లేదు.

'లక్షణీకరణ' నాకు నచ్చలేదు. లక్షణాలను మీరు కొత్తగా కల్పించడం లేదు, ఉన్నవాటిని కనిపెడుతున్నారు. ఇంగ్లీషు 'క్యారెక్టరైజేషన్'కు నిఘంటువు చూసి 'శీల నిరూపణ' అని రాయనందుకు మాత్రం సంతోషం. ఆ లోహాన్ని ఎవరూ అనుమానించలేదు.

అసలు చిక్కు ఆ సమాసంలో ఉంది. ఆరేడు మాటలు విభక్తి లేకుండా వరసకట్టాయి. ఏది దేనికి విశేషణమో మీకు తెలుసు, చదివేవారికి తెలియదు. 'అజో రంగులు లైగాండ్లుగా ఉన్న లోహ సంశ్లిష్టాలు: తయారీ, వర్ణపటాల ద్వారా నిర్మాణ నిర్ధారణ' అని విప్పి చూడండి. లిగాండ్, లైగాండ్ రెండూ వినిపిస్తున్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే రాయండి.