‘వోలటైల్’ అంటే చంచలమా, మండేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివి, ఇప్పుడు బరంపురంలో ప్లస్ టూ సైన్సు ఇంగ్లీషులో చదువుతున్నారు. ‘నాన్-వోలటైల్ సాల్యూట్’ (సాల్యూట్ అంటే ద్రవంలో కరిగిన పదార్థం) దగ్గర ఆగి డిక్షనరీ తీస్తే చంచలం, అస్థిరం అని ఉంది. స్నేహితుడేమో మండేది అన్నాడు. ఏది నమ్మాలి, అసలు ఎలా పలకాలి అని అడిగారు.

కెమిస్ట్రీ వరకు ఆ రెండూ పక్కన పెట్టేయండి. వోలటైల్ అంటే తేలిగ్గా ఆవిరై గాల్లో కలిసిపోయేది, అంతే. ఒడియా పుస్తకంలో మీరు చదివిన ఉద్‌బాయీ ఇదే. తెలుగు పుస్తకాల్లో బాష్పశీలం అంటారు. లాటిన్‌లో ఎగరడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది కాబట్టి డిక్షనరీలో చంచలం కూడా చేరింది.

మండడం వేరు, ఇది వేరు. దీపంలో నువ్వుల నూనె చక్కగా మండుతుంది, కానీ గిన్నెలో పోసి వారం వదిలేసినా తరగదు. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది, మూత తీస్తే వాసన గదంతా కమ్మేస్తుంది, అయినా పెట్రోలులా అంటుకోదు. అస్థిరం సంగతీ అంతే. హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాలో ఉండగానే విడిపోతూ ఉంటుంది, అది అస్థిరం. కానీ అది మరిగేది 150 డిగ్రీల దగ్గర, అంటే నీటికన్నా తక్కువ వోలటైల్. పేలుతుందా, విడిపోతుందా, మండుతుందా అన్నవి వేరే ప్రశ్నలు. ఇక్కడ అడగాల్సింది ఆవిరిగా లేచిపోతుందా అన్న ఒక్కటే.

ఈ మాట నాకు బాగా పట్టుబడింది పుస్తకంలో కాదు, బట్టీలో. మాది ఛత్రపురం వైపు. మా మావయ్య మొగలి అత్తరు బట్టీలో పనిచేసేవాడు. గంజాం మొగలికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉందని మీకు తెలిసే ఉంటుంది. ఒడియా వాళ్ళు కియా ఫూల అనే మొగలిపువ్వుని అక్కడ తూకంతో కాదు, లెక్కతో కొంటారు. వానాకాలంలో తెల్లవారకముందే కోసి బట్టీకి చేర్చాలి. ఎండెక్కితే వాసన గాలిపాలు, పువ్వు ఉన్నా సరుకు లేనట్టే. డేగు అనే పెద్ద రాగి పాత్రలో నీళ్ళూ పువ్వులూ వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, తాడు చుట్టిన వెదురు గొట్టాన్ని నీళ్ళ తొట్టిలో మునిగి ఉన్న భప్కాలోకి, అంటే ఆవిరిని పట్టే పాత్రలోకి, దింపుతారు. కింద కట్టెలు, మధ్యలో ఆవిరి, అవతల చల్లబడి దిగే నూనె. మావయ్య మాటిమాటికీ మూత అంచు తడిమి చూసేవాడు. ఎక్కడన్నా మట్టి పగిలిందంటే డబ్బు ఆవిరైపోతున్నట్టే.

అసలు విషయం ఇక్కడ ఉంది. మొగలి నూనెలో ముఖ్యమైన పదార్థం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. దాన్ని ఒక్కదాన్నే మరిగించాలంటే దాదాపు 190 డిగ్రీలు కావాలి. డేగులో ఉన్నది నీళ్ళు, వేడి వంద దాటదు. మరి ఎలా వచ్చింది? నీటిలో కలవని ద్రవం నీటితో పాటు వేడెక్కితే రెండింటి ఆవిరి పీడనాలూ (ఆవిరి నెట్టే ఒత్తిడి) కూడుకుంటాయి. ఆ మొత్తం బయటి గాలి పీడనంతో సమానం కాగానే మరుగుతుంది. అది వందకి కాస్త కిందే జరిగిపోతుంది. మీ పుస్తకంలో ‘స్టీమ్ వోలటైల్’ అని ఉన్నది ఇదే. అక్కడ ఎనిలీన్ ఉదాహరణ ఇస్తారు, అది విడిగా 184 డిగ్రీలకి మరుగుతుంది. నైట్రోఫినాల్‌కి అణువు అమరికలో తేడా ఉన్న ఆర్థో, పారా అనే రూపాలున్నాయి; ఆర్థో ఆవిరితో లేచి వస్తుంది, పారా రాదు అన్న ప్రశ్న కూడా పరీక్షలో తరచూ అడుగుతారు. పారాలో అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని కూర్చుంటాయి. ఆర్థోలో ఆ బంధం అణువు లోపలే ముడిపడి ఉంటుంది, పక్క అణువుతో పట్టు తక్కువ, అందుకే లేచిపోతుంది.

రూ, అంటే కల్తీలేని మొగలి నూనె, చేతికొస్తే మావయ్య కాగితం మీద చుక్క వేసి ఆరనిచ్చేవాడు. వోలటైల్ నూనె అయితే వాసన వదిలి పోతుంది, కాగితం మామూలుగా అయిపోతుంది. జిడ్డు మరక మిగిలితే ఏదో వంటనూనె కలిపారన్నమాట. మీరు నువ్వుల నూనెతో ఒకటి, యూకలిప్టస్ తైలంతో ఒకటి వేసి చూడండి, ఇంట్లోనే తేలిపోతుంది.

ఇక మీరు ఆగిపోయిన ‘నాన్-వోలటైల్ సాల్యూట్’. హుమ్మా ఉప్పు మళ్ళు చూసే ఉంటారు. నీరు పోయింది, ఉప్పు మిగిలింది. ఉప్పు నాన్-వోలటైల్. ద్రావణం ఆవిరి పీడనాన్ని లెక్కగట్టే రౌల్ట్ నియమంలో ఆ మాట ఎందుకు పెట్టారంటే, కరిగినది తన వంతుగా ఆవిరి ఇవ్వదు, కాబట్టి లెక్కలో ద్రావణి (కరిగించుకున్న ద్రవం) ఆవిరి పీడనం ఒక్కటే చూస్తే చాలు. సాల్యూట్ కూడా వోలటైల్ అయితే రెండింటినీ కూడాలి.

వాడుకలో ఒక జాగ్రత్త. ఇది ఉందా లేదా అని తేల్చే గుణం కాదు, ఎక్కువ తక్కువల గుణం. అందుకే ‘మోర్ వోలటైల్ దేన్ వాటర్’, ‘హైలీ వోలటైల్’ అని పోల్చి రాస్తారు. ఎసిటోన్ 56, ఆల్కహాల్ 78, నీరు 100 అని మరిగే డిగ్రీలు పక్కన వేస్తే వరస తెలిసిపోతుంది. క్రియగా రాయాలంటే ‘వోలటిలైజ్’. ‘పెట్రోల్ వోలటైల్డ్’ అని రాసిన పేపర్లు చూశాను, ఆ రూపం ఇంగ్లీషులో లేదు.

షేర్ మార్కెట్‌లో వోలటైల్ అంటే ధరలు ఎగిరి పడుతున్నాయని. కంప్యూటర్లో కరెంటు పోతే ఖాళీ అయ్యే ర్యామ్ వోలటైల్ మెమరీ. డిక్షనరీ అర్థం అక్కడ పనికొస్తుంది.

పలకడం సంగతి: బ్రిటిష్ వాళ్ళు వాలటైల్, అమెరికా వాళ్ళు వాలటల్ అంటారు. మన వైపు వోలటైల్ అలవాటు. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఏది పలికినా పర్వాలేదు, స్పెల్లింగ్‌లో మాత్రం ఎల్ తర్వాత ఏ రాయండి, చాలామంది అక్కడ ఇ పెడుతున్నారు.